తిత్లీ తర్వాత మా నారుమడి ఇంట్లోకి వచ్చింది

2018 అక్టోబరులో తిత్లీ తుఫాను వచ్చిన రాత్రి మా పెరట్లోని టమాటా, వంగ, మిరప నారు మొత్తం కొట్టుకుపోయింది. ఇంకో నాలుగు రోజుల్లో నాటాల్సిన నారు. ఆ ఏడాది నుంచి ఒడిశాలోని పర్లాకిమిడిలో మా ఇంట్లో నారు పోసేది వంటింటి పక్క గదిలోనే.

గింజలు పాతవైతే ముందు పదింటిని తడిగుడ్డలో చుట్టి చూడండి. ఏడెనిమిది మొలిస్తే బాగున్నట్టే. సగమే మొలిస్తే రెట్టింపు వేయండి. రెండో మూడో అయితే ఆ ప్యాకెట్ మీద ఆశ వదిలేయండి.

టమాటా వారంలోపే మొలుస్తుంది. బతిమాలించుకునేది మిరపే. దానికి 25 నుంచి 30 డిగ్రీల వెచ్చదనం కావాలి. దసరా వెళ్ళాక మా దగ్గర రాత్రుళ్ళు చల్లబడతాయి కాబట్టి మా అత్తయ్య నేర్పిన పద్ధతే చేస్తాను. గింజల్ని రాత్రంతా నానబెట్టి, పాత పంచె ముక్కలో మూటకట్టి, పొయ్యి పక్క అరలో పెడతాను. రోజూ ఒకసారి విప్పి, గాలి తగలనిచ్చి, నీళ్ళు చిలకరించి మళ్ళీ కడతాను. ఐదారు రోజులకు గింజ అంచున సూదిమొనంత తెల్లటి ముక్కు కనిపిస్తుంది. అదే అదను. ఇంకా ఆగితే వేరు గుడ్డ పోగుల్లో చిక్కుకుని తీసేటప్పుడు తెగిపోతుంది.

మట్టికి కొబ్బరిపొట్టు, బాగా చివికిన గెత్తం (పశువుల ఎరువు), ఇసుక సమానంగా కలిపి, మరిగే నీళ్ళు పోసి చల్లారనిస్తాను. అడుగున చిల్లులు పెట్టిన పెరుగు కప్పులు చాలు. గింజ మందానికి రెండింతల లోతు మించకూడదు.

ఇక అసలు గండం నారుకుళ్ళు. మొదటి ఏడాది ఇంట్లో పోసిన వంగ నారు సగం దీనికే పోయింది. సాయంత్రం నిటారుగా ఉన్న మొక్క తెల్లారేసరికి పడుకుని ఉంది. దగ్గరగా చూస్తే మట్టిని ఆనుకున్న చోట కాడ దారంతో బిగించినట్టు సన్నబడి, నీరుకారి ఉంది. పై ఆకులు మాత్రం ఇంకా పచ్చగానే ఉన్నాయి. నీళ్ళు తక్కువయ్యాయేమోనని నేను ఇంకా పోశాను. అదే తప్పు. తడి ఎక్కువై గాలి ఆడని మట్టిలో పెరిగే బూజు జాతి తెగులు అది. పడిపోయిన మొక్క మళ్ళీ లేవదు, చుట్టూ ఉన్న మట్టితో సహా తీసేయాలి. ఇప్పుడు పైనుంచి నీళ్ళు పోయను. పళ్ళెంలో నీళ్ళు పోసి కప్పుల్ని పది నిమిషాలు అందులో నిలబెట్టి తీసేస్తాను. పైమట్టి ఆరాకే మళ్ళీ తడి. గింజల్ని ట్రైకోడెర్మా (తెగులు బూజును అణిచే మేలు బూజు) పొడితో పట్టించి వేసినా మంచిదే. మొక్కలు ఒత్తుగా ఉంటే చిన్న కత్తెరతో కొన్నింటిని మొదలు దగ్గర కత్తిరించండి. పీకితే పక్కదాని వేరు కదులుతుంది.

మొలక తల ఎత్తిన రోజే వెలుతురులోకి మార్చాలి. ఒక్క రెండు రోజులు చీకట్లో ఉన్నా కాడ పాలిపోయి సాగుతుంది, దాన్ని మళ్ళీ బలపరచడం కష్టం. తూర్పు కిటికీ దగ్గర పెట్టి రోజూ కప్పు తిప్పుతాను. ముసురు పట్టినప్పుడు జానెడు ఎత్తున ఎల్‌ఈడీ ట్యూబు కట్టి పద్నాలుగు గంటలు వెలిగిస్తాను.

బీర, గుమ్మడి గింజలైతే ఎలుకలు వదలవు. రాత్రిపూట కప్పుల మీద వెదురు బుట్ట బోర్లించి పైన రాయి పెట్టండి.

టమాటా నెల లోపు, మిరప నలభై రోజులకు నాటడానికి వస్తాయి. దానికి వారం ముందు నుంచి బయట అలవాటు చేయాలి: మొదటి రోజు గంటసేపు నీరెండ, తర్వాత రోజుకో గంట పెంచుతూ పోవాలి. నేరుగా మధ్యాహ్నపు ఎండలో పెడితే ఆకులు తెల్లమచ్చలు తేలి మాడతాయి. నాటేది మాత్రం సాయంత్రమే, పొద్దు వాలాక.