నయం కాని జబ్బుతో మంచం పట్టినవారికి ఇంట్లో ఉపశమన సంరక్షణ

ముందుగా ఒక నోటుపుస్తకం పెట్టుకోండి. ఏ మందు, ఎన్నింటికి, ఎంత ఇచ్చారు. అప్పుడు నొప్పి 0 నుంచి 10లో ఎంత (0 అంటే నొప్పి లేదు, 10 అంటే భరించలేనంత), గంట తర్వాత ఎంత. ఆ రోజు విరేచనం అయిందా లేదా. డాక్టరు మోతాదు మార్చేది ఈ లెక్క చూసే. "రాత్రంతా బాధపడ్డారు" అంటే అందులో తేలేది తక్కువ. "రాత్రి 2 గంటలకు 8 ఉంది, అదనపు మోతాదు ఇచ్చాక 3కి దిగింది" అంటే ఏం చేయాలో తెలుస్తుంది. రోగి చెప్పలేని స్థితిలో ఉంటే ముడిపడిన నుదురు, మూలుగు, పక్క మార్చేటప్పుడు బిగుసుకుపోవడం ఇవన్నీ రాయండి.

నొప్పి మందు దగ్గర ఎక్కువగా జరిగే పొరపాటు, నొప్పి వచ్చాక ఇద్దామని ఆగడం. మామూలు మార్ఫిన్ మాత్ర అయినా ద్రావణమైనా సుమారు 4 గంటలే పనిచేస్తుంది. అందుకే నొప్పి ఉన్నా లేకపోయినా రాసిచ్చిన వేళకు ఇచ్చెయ్యాలి. ముదిరిన నొప్పిని దించడం కష్టం. మధ్యలో పొడుచుకొచ్చే నొప్పి కోసం అదనపు మోతాదు ఎంతో ముందే రాయించుకోండి. అది సాధారణంగా రోజు మొత్తంలో పదో వంతు నుంచి ఆరో వంతు దాకా ఉంటుంది: 4 గంటలకోసారి 10 మిల్లీగ్రాముల చొప్పున రోజుకు 60 తీసుకునేవారికి 6 నుంచి 10. అది ఇచ్చినా, తర్వాతి మామూలు మోతాదును మానకూడదు. రోజుకు మూడు నాలుగుసార్లు అదనం పడుతోందంటే అసలు మోతాదు చాలడం లేదన్నమాట. సొంతంగా పెంచకుండా డాక్టరుకు ఫోన్ చేయండి. డ్రెస్సింగ్ మార్చేటప్పుడు నొప్పి పుడుతుంటే అదనపు మోతాదు అరగంట ముందే ఇవ్వండి. 12 గంటలు పనిచేసే మార్ఫిన్ మాత్రను నూరకండి, నమలనివ్వకండి. పూటంతా కొద్దికొద్దిగా దిగాల్సిన మందు ఒక్కసారే ఒంట్లోకి చేరుతుంది.

మార్ఫిన్ ఇస్తే ప్రాణం త్వరగా పోతుందని చాలామంది భయపడి మోతాదులు ఎగ్గొడతారు. నొప్పిని బట్టి మెల్లగా పెంచుకుంటూ వచ్చిన మోతాదు అలా చేయదు. మొదటి రెండు మూడు రోజులు మగత, వికారం ఉండి తగ్గుతాయి. అయితే లేపినా లేవకపోవడం, నిమిషానికి 8 కంటే తక్కువ శ్వాసలు, కాళ్లూ చేతులూ ఉలిక్కిపడినట్టు అదరడం కనిపిస్తే వెంటనే డాక్టరుకు చెప్పండి. మూత్రపిండాలు దెబ్బతిన్నవారిలో మందు ఒంట్లో పేరుకుంటుంది కాబట్టి వారి విషయంలో మరీ జాగ్రత్త.

వికారం తగ్గుతుంది గానీ మలబద్ధకం తగ్గదు. మార్ఫిన్ మొదలైన రోజే విరేచనం మాత్ర కూడా మొదలు కావాలి. నీళ్లు తక్కువ తాగేవారికి పీచు పొడులు ఇవ్వకండి, పేగులో గడ్డకట్టి అడ్డుపడతాయి. మూడు రోజులు విరేచనం కాకపోతే ఆగకుండా కబురు చేయండి. గట్టి మలం అడ్డుపడినప్పుడు దాని పక్కనుంచి నీళ్లలా కారుతుంది. దాన్ని నీళ్ల విరేచనాలనుకుని విరేచనం మాత్ర ఆపేస్తే పరిస్థితి ఇంకా దిగజారుతుంది.

పక్క పుండ్లు రాకుండా సుమారు 2 గంటలకోసారి ఒత్తిగిలించండి. పూర్తిగా పక్కకు కాదు, వీపు వెనక దిండు పెట్టి 30 డిగ్రీలు వాలిస్తే తుంటి ఎముక మీద బరువు పడదు. పిక్కల కింద దిండు పెట్టి మడమలు గాల్లో ఉంచండి. ఎర్రబడ్డ చోట రుద్దకండి. జరిపేటప్పుడు ఈడ్చకుండా దుప్పటితో ఇద్దరు పట్టి లేపండి.

ఆయాసం వస్తే కూర్చోబెట్టి, ముందు దిండు పెట్టి దాని మీదికి వాలనివ్వండి. చిన్న ఫ్యాను గాలి ముక్కు, బుగ్గల మీదికి తగలనివ్వండి. ఆశ్చర్యంగా ఉంటుంది గానీ నిజంగా ఊరటనిస్తుంది.

తిండి దగ్గరే మనసు ఎక్కువ కష్టపెట్టుకుంటారు. చివరి వారాల్లో ఆకలి పోవడం జబ్బు లక్షణం, మీ లోపం కాదు. అడిగింది, అడిగినప్పుడు, రెండు చెంచాలు చాలు. మింగలేని మనిషి నోట్లో పోస్తే అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. దానికి బదులు తడి గుడ్డతో నోరు, పెదవులు తరచూ తడపండి. మాత్ర మింగలేని రోజు వస్తుంది కాబట్టి, చర్మం కింద సూదితో మందు ఇచ్చే ఏర్పాటు ముందే అడిగి పెట్టుకోండి.

చివరి రోజుల్లో నిద్ర పెరుగుతుంది, చేతులు, కాళ్లు చల్లబడి మచ్చలు కడతాయి, శ్వాస మధ్యలో ఆగి మళ్లీ మొదలవుతుంది. గొంతులో గురగుర వినిపిస్తుంది. వినేవారికి భరించలేనట్టుంటుంది గానీ అప్పటికి స్పృహ లేని మనిషిని అది అంతగా బాధపెట్టదని భావిస్తారు. పక్కకు తిప్పి పడుకోబెడితే తగ్గవచ్చు. గొంతు లోపలికి గొట్టం పెట్టి కఫం లాగించకండి. పేరు పెట్టి పిలవండి, మాట్లాడండి. వినికిడి చాలాసేపు నిలిచి ఉండవచ్చు.

శ్వాస ఆగాక తొందరేమీ లేదు. కళ్లు మూయండి, తల కింద దిండు ఉంచండి, కొన్ని గంటల్లో శరీరం బిగుసుకుంటుంది కాబట్టి అంతకుముందే చేతులు, కాళ్లు సరిచేయండి. మరణాన్ని ధ్రువీకరించే డాక్టరు నంబరు నోటుపుస్తకం మొదటి పేజీలోనే రాసి ఉంచుకోవాలి. మిగిలిన మార్ఫిన్‌ను లెక్కపెట్టి, ఇచ్చిన చోటే అప్పగించండి.