సాహస కథ రాయడం నేర్చుకుందాం – 4: ఎద్దుల బండి ఎంతకు కొన్నారు?

పోయిన పాఠం చివర ఒక పేజీ రాసి పెట్టుకోమన్నాను. ఎవరికీ తెలియని పాత నగరాన్ని మీ కథానాయకుడు మొదటిసారి చూసే ఘట్టం. రాశారా? ఆ కాగితం ముందేసుకుని అందులో "బంగారు", "ధగధగ", "జిగేల్" లాంటి మాటలు ఎన్నున్నాయో లెక్కపెట్టండి. మూడు దాటితే దిగులు పడకండి. నేనూ అక్కడే మొదలుపెట్టాను.

తొమ్మిదో తరగతిలో వంద పేజీల నోటుబుక్కు నిండా ఒక కథ రాశాను. నల్లమల అడవిలో గుహ, గుహ లోపల నగరం. గోపురాలు, నాగకన్యలు, లంకెబిందెలు, ఏ లోటూ చెయ్యలేదు. పక్క బెంచీ మిత్రుడు అంతా ఓపిగ్గా చదివి ఒక్కటే అడిగాడు: "ఇంతకీ అక్కడికి ఏ బస్సెక్కి వెళ్లార్రా?" నాకు ఒళ్లు మండిపోయింది. ఈ రకం నవలకు ఆయువుపట్టు వాడు అడిగిన ఆ ప్రశ్నేనని తెలియడానికి చాలా ఏళ్లు పట్టింది.

ఈసారి పాఠం ఆ బస్సు గురించే.

నమూనాగా ఇంగ్లీషు రచయిత హెన్రీ రైడర్ హాగర్డ్ రాసిన "కింగ్ సాలమన్స్ మైన్స్" తీసుకుందాం. 1885 సెప్టెంబరులో లండన్‌లో అచ్చయింది. "ట్రెజర్ ఐలండ్‌లో సగం బాగుండే పుస్తకం కూడా నువ్వు రాయలేవు" అని అన్నదమ్ముల మధ్య ఐదు షిల్లింగుల పందెం. (ట్రెజర్ ఐలండ్ అంటే స్టీవెన్సన్ రాసిన నిధి వేట నవల.) హాగర్డ్ ఆరు వారాల్లో రాసి పారేశాడు. ప్రచురణకర్త రెండు బేరాలు పెట్టాడు: ఒకేసారి 100 పౌండ్లు, లేదా రాయల్టీ. హాగర్డ్ వంద పౌండ్లకే ఒప్పేసుకున్నాడు. ప్రచురణకర్త కాగితాల కోసం పక్కగదిలోకి వెళ్లినప్పుడు మూలన కూర్చున్న గుమాస్తా "మీ స్థానంలో నేనుంటే రెండోదే తీసుకుంటాను సార్" అన్నాడట. తీసుకున్నాడు. మొదటి ఏడాదే 31,000 ప్రతులు అమ్ముడుపోయాయి. రాసేవాళ్లందరికీ అలాంటి గుమాస్తా ఒకడు దొరకాలి.

ఇక కథలోకి. మంచు కొండలకు అవతల ఎవరూ చూడని కుకువానాలాండ్ అనే దేశం, అక్కడ బైబిల్లోని సాలమన్ రాజు వజ్రాల గనులు. ఇంత పెద్ద అబద్ధం చెప్పబోతూ హాగర్డ్ దాన్ని ఎవరి నోట పెట్టాడో చూడండి. అలన్ క్వాటర్‌మెయిన్. యాభై అయిదేళ్ల వేటగాడు, కుంటికాలు. దక్షిణాఫ్రికాలోని డర్బన్‌లో మంచాన పడి, పొద్దుపోక రాస్తున్నానంటాడు. జీవితంలో అరవై అయిదు సింహాల్ని చంపితే అరవై ఆరోది కాలిని పొగాకు నమిలినట్టు నమిలేసిందని వాపోతాడు. పైగా తాను పిరికివాణ్నని తనే చెప్పుకుంటాడు. వీరుణ్నని చెప్పుకునేవాడి మాట మనం సగమే నమ్ముతాం. కాలు నొప్పంటూ మొదలుపెట్టేవాడి మాట మాత్రం పూర్తిగా వింటాం.

తర్వాత బేరం. సర్ హెన్రీ కర్టిస్ అనే ఇంగ్లీషు దొర తమ్ముడు ఆ గనులు వెతుక్కుంటూ వెళ్లి తప్పిపోయాడు. వెతకడానికి తోడు రమ్మంటే క్వాటర్‌మెయిన్ ఎగిరి గంతేయడు. కొన్ని రోజులు ఆలోచించుకుని షరతులు చెప్తాడు. బయల్దేరే ముందే 500 పౌండ్లు చేతిలో పెట్టాలి. తాను చచ్చినా, కాళ్లూచేతులూ పోయినా, లండన్‌లో డాక్టరీ చదువుతున్న కొడుకు హ్యారీకి ఐదేళ్లపాటు ఏటా 200 పౌండ్లు ఇచ్చేట్టు కాగితం రాయాలి. బతికి బయటపడతామన్న ఆశ తనకు లేదని కూడా అప్పుడే చెప్పేస్తాడు. నిధి కోసం వెళ్లే మనిషి పిల్లాడి ఫీజుల గురించి బేరమాడుతుంటే మనకు తెలియకుండానే అతని పక్కన కూర్చుంటాం. మన ఊళ్లో గల్ఫ్ వెళ్లే మనిషి బయల్దేరే ముందు రాత్రి అప్పుల లెక్క రాయించినట్టే ఉంటుంది ఆ ఘట్టం.

ఆ తర్వాత బండి. ఇరవై రెండు అడుగుల బండి, ఇనుప ఇరుసులు, 125 పౌండ్లు. దానికి ఇరవై ఎద్దులు, అవి కూడా ఒకసారి జబ్బుచేసి తేరుకున్నవి, మళ్లీ దారిలో పడిపోనివి. ఏ తుపాకులు, ఎన్ని తూటాలు అన్నీ చెప్తాడు. నన్నడిగితే ఈ జాబితా కాస్త సాగుతుంది. అయినా తీసెయ్యలేం. ఎడారి, మంచు, శవం కూర్చున్న గుహ ముందున్నాయి. వాటిని మోసుకెళ్లేది ఈ బండే.

"అనగనగా" అని మొదలయ్యే కథకు సాక్ష్యం అక్కర్లేదు. ఏడు సముద్రాలూ ఒక్క వాక్యంలో దాటేస్తాం. హాగర్డ్ పాఠకులు రైళ్లలో ఆఫీసులకు వెళ్లొచ్చే, ఏ ఖర్చుకైనా రసీదు అడిగే మనుషులు. వాళ్లకు అద్భుతం కావాలి, అద్భుతానికి రసీదూ కావాలి. అందుకే పటం కూడా ఇచ్చాడు. 1590లో ఆకలితో చస్తున్న జోసే ద సిల్వెస్ట్రా అనే పోర్చుగీసువాడు చీలిన ఎముకతో, తన రక్తంతో, చొక్కా పీలిక మీద గీసిన పటం. దాన్ని మడత విప్పి చూసుకునే బొమ్మగా పుస్తకం మొదట్లోనే అంటించారు. ఆ పటం తయారుచేసిపెట్టింది హాగర్డ్ వదిన ఆగ్నెస్ బార్బర్. తర్వాత వచ్చిన "షీ" నవలకు రెండు వేల ఏళ్ల నాటి కుండపెంకు కావాల్సివచ్చినప్పుడూ ఆమే తయారుచేసింది.

ఇప్పుడు నాకు అన్నిటికంటే ఇష్టమైన సంగతి, వీళ్లిద్దరితో పాటు వెళ్లే మూడో మనిషి, మాజీ నౌకాదళ అధికారి కెప్టెన్ గుడ్ పళ్లు.

మొదటి అధ్యాయంలో ఓడ మీద పరిచయమైనప్పుడే క్వాటర్‌మెయిన్ గమనిస్తాడు: ఈయనవి కట్టుడు పళ్లు, రెండు సెట్లున్నాయి, నా పళ్లకంటే బావున్నాయి అని కుళ్లుకుంటాడు. చదివి నవ్వి మర్చిపోతాం. చాలా పేజీల తర్వాత కుకువానా యోధులు వీళ్లను చుట్టుముట్టి చంపబోతారు. అప్పటికి గుడ్ వాగు ఒడ్డున గడ్డం గీసుకుంటున్నాడు. ఒక చెంపే అయింది. ఒంటి మీద చొక్కా ఉంది, ప్యాంటు లేదు. కంగారులో అలవాటుకొద్దీ పళ్లసెట్టు బయటికి లాగి మళ్లీ లోపలికి తోస్తాడు. యోధులు కెవ్వుమంటారు. పళ్లు కరిగిపోయి మళ్లీ మొలిచే మనిషి! "మేం నక్షత్రాల నుంచి వచ్చాం" అని క్వాటర్‌మెయిన్ అందుకుంటాడు. ప్రాణాలు దక్కుతాయి. పాపం, ఎప్పుడూ టిప్‌టాప్‌గా ఉండే గుడ్ మాత్రం ఆ దేశంలో ఉన్నన్నాళ్లూ ఒకే చెంప గీసుకుని, ప్యాంటు లేకుండా తిరగాల్సివస్తుంది. మహిమ పోకూడదు కదా.

అక్కడ ఏ దేవుడూ దిగిరాలేదు, ఏ కత్తీ మెరవలేదు. మొదటి అధ్యాయంలో దాచిన చిల్లర వస్తువు సరైన చోట బయటికొచ్చింది. మీ కథలోనూ అలాంటిది ముందే ఒకటి జేబులో వేసి ఉంచండి. ఇన్‌హేలర్, ముక్కుపొడి డబ్బా, ఏదైనా సరే.

చిల్లర సంగతి తప్పయితే ఏమవుతుంది? అదీ ఈ పుస్తకంలోనే జరిగింది. పంచాంగంలాంటి పుస్తకం చూసి "గ్రహణం తెప్పిస్తాం" అని బెదిరించే ఘట్టం ఉంది. మొదటి ముద్రణల్లో అది సూర్యగ్రహణం. రాసిన తీరు ఆకాశంలో జరిగేదానికి పొసగదని తేలాక తర్వాతి ముద్రణల్లో చంద్రగ్రహణంగా మార్చాడు. ఇంట్లో గోడకు తిథుల క్యాలెండర్ వేలాడే మనకు ఈ సాకు కూడా ఉండదు. చంద్రగ్రహణం పౌర్ణమికి, సూర్యగ్రహణం అమావాస్యకు. వెన్నెల రాశాక వేలు పెట్టి తిథి చూసుకోండి.

ఇంతవరకు పనితనం. ఈ పనితనం అబద్ధానికి కూడా అంతే నమ్మకంగా కూలికి వస్తుంది. అందుకే ఇక్కడ కాస్త ఆగుదాం.

1871లో కార్ల్ మౌఖ్ అనే జర్మన్ యాత్రికుడు ఆఫ్రికాలో గ్రేట్ జింబాబ్వే రాతి కట్టడాలు చూశాడు. సున్నం లేకుండా పేర్చిన పెద్ద పెద్ద గోడలు. గుమ్మం దూలం నుంచి ఒక చెక్కముక్క కోశాడు. అది తన పెన్సిల్ చెక్కలా ఉందనిపించింది. అంటే దేవదారు, అంటే లెబనాన్ నుంచి వచ్చింది, అంటే బైబిలు కథల్లోని షీబా రాణి కట్టించింది! ఒక పెన్సిల్ మీద మొత్తం రాజ్యం నిలబెట్టాడు. చెక్క అక్కడి అడవి చెట్టుదే. ఆఫ్రికావాళ్లు ఇంత కట్టలేరని ముందే అనుకున్నవాళ్లకు ఆ పెన్సిల్ చాలు. 1905లో డేవిడ్ రాండల్ మకైవర్, 1929లో గెర్ట్రూడ్ కేటన్ థాంప్సన్ తవ్వి చూసి, కట్టింది ఆఫ్రికన్లేనని తేల్చారు. అయినా అప్పట్లో ఆ దేశాన్ని ఏలిన రొడీషియా తెల్ల ప్రభుత్వానికి అది మింగుడుపడలేదు. షోనా ప్రజల పూర్వీకులు కట్టిన ఆ రాళ్ల పేరే 1980లో దేశానికి పేరైంది.

హాగర్డ్ నవలలోనూ ఇదే మరక ఉంది. గొప్ప రహదారీ కొండంత విగ్రహాలూ ఎప్పుడో బయటినుంచి వచ్చినవాళ్ల పని అంటారు. అక్కడ బతుకుతున్న కుకువానాలు వాటికి కాపలాదారులన్నట్టే ఉంటుంది. నచ్చి చదివే పుస్తకమే అయినా ఇది చూడనట్టు దాటెయ్యలేను. ఈ నవల వచ్చింది కూడా బెర్లిన్‌లో ఐరోపా దేశాలు కూర్చుని ఆఫ్రికా పంపకాలకు నియమాలు రాసుకున్న ఏడాదే. హాగర్డ్ కూడా పంతొమ్మిదేళ్లకే దక్షిణాఫ్రికాలో బ్రిటిష్ వలసైన నటాల్‌లో ప్రభుత్వ కొలువులో చేరి, తర్వాత బ్రిటన్ పక్క రాజ్యం ట్రాన్స్‌వాల్ కలిపేసుకునేటప్పుడు అక్కడే ఉన్నవాడు.

మరి ఇంకా ఎందుకు చదువుతున్నారు? నా మటుకు నాకు చివరి అధ్యాయాల కోసం. కథ మధ్యలోనే, ఈ ముగ్గురి వెంట కూలివాడిలా వచ్చిన ఉంబోపా నడుం చుట్టూ ఉన్న పాము పచ్చబొట్టు చూపించి, నిజమైన రాజు ఇగ్నోసిగా నిలబడతాడు. చివర్లో వీళ్లను సాగనంపుతూ, మీరు ముగ్గురూ వస్తే సరే, ఇంకే తెల్లవాడూ తుపాకులతో, సారాతో ఈ కొండలు దాటకూడదని ఆజ్ఞ వేస్తాడు. గనికి రాతి తలుపు పడిపోయింది. వెనక్కి వెళ్లే దారి దొరకదు. చేతికొచ్చినవి జేబుల్లో కుక్కుకున్న వజ్రాలే. దొరికిన లోకం మళ్లీ మూసుకుపోవడం ఈ కథల ఆకర్షణలో సగం. తలుపు మూసే హక్కు ఆ ఊరివాళ్ల చేతిలో పెట్టడం మాత్రం హాగర్డ్ తెలిసి చేశాడో తెలియక చేశాడో, బాగా చేశాడు.

ఈ వారం అభ్యాసం. కృష్ణ ఒడ్డున కొల్లూరు వజ్రాల గని తీసుకోండి. పదిహేడో శతాబ్దంలో ఫ్రెంచి వజ్రాల వర్తకుడు తావెర్నియే అక్కడ అరవై వేలమంది పనిచేస్తున్నారని రాశాడు. ఇప్పుడు ఆ సందడి లేదు. మీ మనిషి అక్కడికి బయల్దేరుతున్నాడు. రెండు పేజీలు రాయండి, గని మాత్రం కనిపించకూడదు. ఇల్లు వదిలినప్పటి నుంచి బండి దిగేదాకానే. కింది మూడూ ఉండాలి: ఒక బేరం (అంకెలతో), పైకి పనికిరానట్టు కనిపించే ఒక వస్తువు, దారి చెప్పే స్థానికుడు ఒకరు. ఆ మనిషి మీ కథానాయకుడి కంటే ఎక్కువ తెలిసినవాడై ఉండాలి, అంతా చెప్పకూడదు. ఎందుకు చెప్పడో మీరు ముందే నిర్ణయించుకోండి, పేజీ మీద పెట్టకండి.

రాశాక ఎవరికైనా వినిపించండి. "ఏ బస్సెక్కారు?" అని వాళ్లు అడగకపోతే 5వ పాఠానికి రండి, ఎడారి దాటిద్దాం.