డెక్ కింద స్కంక్ చేరితే
అమెరికాలో ఇల్లు కొన్నవాళ్లకి పనికొచ్చే సంగతి. ఇంటి వెనక డెక్ (చెక్క అరుగు) కింద స్కంక్, అంటే భయపడితే భరించలేని కంపు ద్రవం చిమ్మే పిల్లంత జంతువు, కాపురం పెట్టిందని అనుమానం వస్తే, తొందరపడి కంత మూసేయకండి. లోపల చిక్కుకుని చస్తే ఆ కంపు ఇంకో నరకం. సాయంత్రం కంత ముందు పిండి పలచగా చల్లండి. చీకటి పడ్డాక బయటికెళ్లిన అడుగులు కనిపిస్తే, అప్పుడు ఇనుప జాలీ బిగించి అంచు మట్టిలో పాతండి. ఇది తవ్వడంలో ఘనాపాఠి మరి! మే, జూన్‌లలో మాత్రం ఆగండి, పిల్లలుంటాయి.

కుక్క మీద చిమ్మిందా? ఆ కంపు పోవడానికి టమాటా రసంతో కడగడం దండగ. 3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్ సుమారు లీటరు, పావు కప్పు బేకింగ్ సోడా, ఒక టీస్పూన్ గిన్నెలు తోమే లిక్విడ్ అప్పటికప్పుడు కలిపి, కళ్లకి తగలకుండా రుద్ది, ఐదు నిమిషాలాగి కడగండి. మిగిలింది పారబోయండి. సీసాలో పోసి మూత బిగిస్తే పేలుతుంది.