గిట్ పరీక్షలు రాద్దాం – 4వ పాఠం: అతికించిన హాష్

పోయిన పాఠంలో తాత్కాలిక ఫోల్డర్‌లో ఒక రిపాజిటరీ (గిట్ మార్పుల చరిత్రను దాచే చోటు) పెట్టి, కమిట్ (ఒక మార్పు నమోదు) సరిగ్గా పడిందో లేదో చూసే షెల్ స్క్రిప్టు రాశాం. మీలో చాలామంది తెరమీద కనబడిన కమిట్ హాష్‌ను, అంటే ఆ కమిట్‌ను గుర్తించే అక్షరాలు, అంకెల వరుసను కాపీ చేసి, రావలసిన జవాబుగా అతికించే ఉంటారు. ఇప్పుడు మళ్లీ నడపండి. ఫెయిల్ అవుతుంది.

హాష్‌ను లెక్కగట్టేది ఫైళ్ల నుంచి మాత్రమే కాదు. అంతకుముందు కమిట్, సందేశం, రాసినవారి పేరు, ఈమెయిల్, సమయం, చివరికి టైమ్ జోన్ కూడా అందులో కలుస్తాయి. అనంతపురంలో మీ ల్యాప్‌టాప్ +0530లో ఉంటుంది, బెంగళూరు ఆఫీసు సర్వర్ యూటీసీ (ప్రపంచ ప్రామాణిక సమయం, +0000)లో ఉండొచ్చు. సెకను కూడా తేడా లేకుండా కమిట్ చేసినా హాష్‌లు కలవవు.

అందుకే గిట్ సమయం తీసుకునే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్ గిట్_ఆథర్_డేట్, గిట్_కమిటర్_డేట్ రెండింటినీ స్క్రిప్టులోనే టైమ్ జోన్‌తో సహా కట్టేయండి. గిట్ సొంత పరీక్షల్లో టెస్ట్_టిక్ అనే చిన్న ఫంక్షన్ చేసేది ఇదే. పిలిచిన ప్రతిసారీ గడియారాన్ని 60 సెకన్లు ముందుకు జరుపుతుంది. అది మొదలయ్యే క్షణం 2005 ఏప్రిల్ 7, గిట్ మొట్టమొదటి కమిట్ పడిన సమయమే. రాసినవాళ్ల సరదా!

సమయం కట్టేశాం కదా, ఇక హాష్ అతికించొచ్చా? వద్దు. 2020లో వచ్చిన గిట్ 2.29 నుంచి షా-256 అనే మరో హాష్ పద్ధతి వాడే రిపాజిటరీలూ పెట్టుకోవచ్చు; వాటిలో హాష్ 40 అక్షరాలు కాదు, 64. కావలసినప్పుడు హాష్ చెప్పే గిట్ రెవ్-పార్స్ కమాండ్‌నే అడిగి, వచ్చింది వేరియబుల్‌లో దాచుకోండి. బ్రాంచి పేరూ అంతే: 'మాస్టర్' వస్తుందని అనుకోకుండా గిట్ ఇనిట్‌కు -బి ఇచ్చి మీరే పెట్టండి.

ఇక మనవాళ్లకు తప్పక తగిలేది. 'ధరలు' అని తెలుగులో ఒక ఫైలు పెట్టి గిట్ స్టేటస్ చూడండి. 'ధ' ఉండాల్సిన చోట \340\260\247 అని, ఆ అక్షరపు బైట్లు అంకెల్లో వస్తాయి. పేర్లను ఇలా మార్చే కోర్.కోట్‌పాత్ సెట్టింగును ఫాల్స్ చేసుకున్నవారికి మాత్రం తెలుగే కనబడుతుంది. అంటే ఒకే పరీక్ష మీ దగ్గర పాస్, మీ స్నేహితుడి దగ్గర ఫెయిల్. ఇద్దరూ కోడ్‌లో తప్పు వెతుక్కుంటూ కూర్చుంటారు. స్టేటస్‌కు --పోర్సలైన్, -జెడ్ రెండూ ఇస్తే ఆ సెట్టింగుతో పనిలేదు, పేరు ఉన్నదున్నట్టే వస్తుంది. పేర్ల మధ్య మాత్రం కొత్త లైను బదులు సున్నా బైటు ఉంటుంది, దాన్ని అక్షరాలు మార్చే టీఆర్ కమాండ్‌తో మార్చుకోవాలి. అయితే గిట్ అవుట్‌పుట్‌ను నేరుగా పైపు (|) ద్వారా టీఆర్‌లోకి తోయకండి. గిట్ మధ్యలో కుప్పకూలినా, షెల్ మామూలుగా చివరి కమాండ్ ఫలితాన్నే చూసి పాస్ అనేస్తుంది. ముందు ఫైల్‌లోకి రాయించి, ఆ తర్వాత మార్చండి.

మీ సొంత సెట్టింగులు పరీక్షలోకి రాకుండా గిట్_కాన్ఫిగ్_గ్లోబల్ వేరియబుల్‌ను ఎప్పుడూ ఖాళీగా ఉండే /డెవ్/నల్ ఫైలుకు తిప్పండి; గిట్ 2.32 నుంచి పనిచేస్తుంది. దాంతో మీ పేరు, ఈమెయిల్ కూడా పోతాయి కాబట్టి వాటిని స్క్రిప్టులోనే ఇవ్వాలి.

అభ్యాసం: మూడో పాఠం స్క్రిప్టును ఇలా మార్చి, టైమ్ జోన్ చెప్పే టీజెడ్ వేరియబుల్‌ను ఒకసారి యూటీసీ, ఒకసారి ఏషియా/కోల్‌కతా పెట్టి నడపండి. వచ్చే పాఠంలో, ఒకే సెకనులో రెండుసార్లు మారిన ఫైలును గిట్ ఎలా పట్టుకుంటుందో చూద్దాం.