నికోబార్ పావురాన్నీ పారముక్కు సొరనూ పోల్చడం ఎలా?

పక్షినీ చేపనూ పోల్చమంటే చాలామంది పిల్లలు "ఒకటి ఎగురుతుంది, ఒకటి ఈదుతుంది" అని రాసి ఆపేస్తారు. అది అందరికీ తెలిసిందే. రెండూ ఏం తింటాయి, పిల్లల్ని ఎలా పెంచుతాయి అని అడిగి చూడండి, అసలు సంగతులు అప్పుడు బయటపడతాయి.

1. ముందు జాతిని ఖాయం చేసుకోండి. "పావురం", "సొర" అంటే సరిపోదు, వాటిలో ఎన్నో రకాలు. ఇక్కడ పావురం అంటే అండమాన్ నికోబార్ నుంచి పలావ్, సోలమన్ దీవుల దాకా చిన్న చిన్న దీవుల్లో ఉండే నికోబార్ పావురం. రాగి కలిసిన ఆకుపచ్చ మెరుపు, మెడ చుట్టూ పొడుగాటి ఈకలు, పొట్టి తెల్ల తోక. ఎప్పుడో అంతరించిపోయిన డోడో పక్షికి, బతికి ఉన్న పక్షుల్లో అతి దగ్గరి చుట్టం ఇదే. సొర విషయానికొస్తే, పార లాంటి చదును ముక్కున్న చిన్న రకాన్ని తీసుకుందాం. ముంబై, గుజరాత్ తీరాల్లో వలలకు బాగా పడుతుంది. అన్నట్టు, సొర అన్న మన మాట శాస్త్రంలోకి కూడా వెళ్లింది. 1803లో పాట్రిక్ రస్సెల్ అనే స్కాట్లాండ్ వైద్యుడు విశాఖపట్నం చేపల మీద వేసిన పుస్తకంలో ఆ పేరు ఉంది. ఇంకో సొర జాతిని శాస్త్రవేత్తలు ఈ రోజుకీ కార్కరైనస్ సొర అనే పిలుస్తారు.

2. ఒకే కొలత వాడండి. పక్షిని ముక్కు నుంచి తోక చివరిదాకా, సొరనూ అలాగే కొలవాలి. పావురం సుమారు 40 సెంటీమీటర్లు. సొర గరిష్ఠంగా 74, కానీ మామూలుగా దొరికేవి అంతకన్నా బాగా చిన్నవి. గరిష్ఠం పక్కన మామూలు కొలత పెడితే లెక్క తప్పుతుంది.

3. తిండి. సొర చిన్న చేపలు, రొయ్యలు తింటుంది. పావురం నేల మీద రాలిన పళ్లు, గింజలు ఏరుకుంటుంది. దాని కందనకాయలో ఉండే రాయి గట్టి గింజల్ని సైతం నలగ్గొడుతుంది.

4. పిల్లల దగ్గర ఎక్కువసేపు ఆగండి. నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం ఇదే. పావురం ఒక్కటే గుడ్డు పెడుతుంది. పిల్ల బయటికొచ్చాక తల్లీ తండ్రీ ఇద్దరూ గొంతు సంచిలో ఊరే పాల లాంటి పదార్థం పడతారు. ఇక చేప కాబట్టి సొర గుడ్లు పెడుతుందని రాసేయకండి. దాని గుడ్డు 1 మిల్లీమీటరే, అందులో పచ్చసొన దాదాపు ఉండదు. అందుకే మనుషుల్లో లాగే మావి, బొడ్డుతాడు ఏర్పడి తల్లి నుంచే పిల్లకు ఆహారం అందుతుంది. అయిదారు నెలలు మోసి, సాధారణంగా 6 నుంచి 18 పిల్లల్ని కంటుంది. పుట్టిన పిల్ల 12–15 సెంటీమీటర్లు ఉంటుంది. ఒకటి పుట్టాక పోషిస్తుంది, రెండోది పుట్టకముందే పోషిస్తుంది. మీ పట్టికలో ఈ వరుసకు చోటు ఎక్కువ ఉంచండి.

5. చివరి గడిలో ముప్పు రాయండి. పావురాన్ని మాంసం కోసం, పెంపకానికి అమ్మడం కోసం, నగల్లో వాడే ఆ కందనకాయ రాయి కోసం పట్టేవారు. గుడ్లనూ పిల్లల్నీ ఎలుకలు, పిల్లులు తినేస్తాయి. ఏటికి పెట్టే గుడ్లే తక్కువ కాబట్టి పోయినవాటి లోటు త్వరగా తీరదు. సొర త్వరగా ఎదిగి ఎక్కువ పిల్లల్ని కంటుంది, అయినా ట్రాలర్ వలల్లో పెద్దవాటితో పాటు ఎదగని పిల్లలూ పోతున్నాయి. ఏది ఎంత త్వరగా కోలుకోగలదో ఈ గడి పక్కనే రాసుకోండి.