పనిదినాల రాత్రి భోజనం, మిగిలిన వంట: ముందే వేసుకోవలసిన లెక్క

పనిదినాల సాయంత్రాల్లో ఇంట్లో వాళ్లను విసిగించేది వంట పని ఒక్కటే కాదు. అందరూ ఆకలితో ఇల్లు చేరిన తరువాత ఏం వండాలో అప్పటికప్పుడు తేల్చుకోవలసి రావడం అంతకంటే పెద్ద చిక్కు. ఫ్రిజ్‌లో నిన్నటి గిన్నెలు రెండు మూడు ఉన్నా అవి ఎవరి కంటా పడవు, పడినా ఎవరికీ తినబుద్ధి కాదు. ఈ రెండు ఇబ్బందులకూ మూలం ఒకటే: మిగిలిన వంట గురించి భోజనం ముగిసి గిన్నెలు సర్దేటప్పుడు ఆలోచిస్తాము. ఆ ఆలోచన పొయ్యి వెలిగించక ముందే జరగాలి.

వారం మొదలయ్యే ముందు ఇంట్లో ఎవరు ఏ సాయంత్రం ఎన్ని గంటలకు వస్తారో ఒక కాగితం మీద రాసుకోండి. ఐదు పనిదినాల్లో తీరిక కాస్త ఎక్కువగా ఉండే రెండు రోజులను పూర్తి వంటకు కేటాయించి, వాటి మరుసటి రాత్రులను ముందు రోజు వంటతో నడపాలి. ఉదాహరణకు సోమవారం వండినది మంగళవారానికి, బుధవారం వండినది గురువారానికి పనికివస్తుంది. శుక్రవారం ఫ్రిజ్‌లో ఏది ఉంటే అది. ఏ వంటకాన్నీ మూడు రాత్రులు వరుసగా వడ్డించవద్దు. రెండో రాత్రి దాకా ఓర్చుకున్నవారు కూడా మూడో రాత్రి బయటి తిండి మాట ఎత్తుతారు, ఆ విషయంలో వారిని తప్పుపట్టలేము.

రెట్టింపు వండడమంటే పూర్తయిన వంటకాన్ని రెట్టింపు చేయడం కాదు, దానికి ఆధారమైన పదార్థాన్ని రెట్టింపు చేయడం. ఉడికించిన పప్పుధాన్యాలు, గింజధాన్యాలు, కాల్చిన కూరగాయలు, మసాలా పెద్దగా తగలని మాంసం వంటివి మరునాడు మరో రూపం ఎత్తగలవు. ఉప్పూ కారమూ పులుపూ అన్నీ పట్టిన వంటకం మాత్రం ఎన్నిసార్లు వేడి చేసినా నిన్నటి వంటకంగానే ఉంటుంది. మరునాటి భాగాన్ని వడ్డనకు ముందే వేరే డబ్బాలోకి తీసేయడం ఇందులో అతి ముఖ్యమైన అలవాటు. అలా తీసిన భాగానికి ఎంగిలి తగలదు, బల్ల మీద గంటల తరబడి నిలవ ఉండదు. పైగా దాన్ని ఇంట్లో వాళ్లు తినగా మిగిలినదిగా కాక రేపటి కోసం వండినదిగా చూస్తారు. పదార్థం ఒకటే అయినా తినేవారి మనసులో దాని స్థానం మారిపోతుంది.

ఇక నిల్వ సంగతి. ఇందులో మాత్రం ఇష్టాయిష్టాలకు తావు లేదు. వండిన ఆహారాన్ని గది ఉష్ణోగ్రతలో 2 గంటలకు మించి ఉంచవద్దని, ఫ్రిజ్‌లో 5 డిగ్రీల సెల్సియస్‌ లోపు ఉంచాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. 5 నుంచి 60 డిగ్రీల మధ్య సూక్ష్మజీవులు వేగంగా పెరగడమే దీనికి కారణం. గది వేడి 32 డిగ్రీలు దాటితే ఆ గడువును 1 గంటగా లెక్కించుకోవాలి. పెద్ద గిన్నెను ఉన్నదున్నట్టుగా ఫ్రిజ్‌లో పెడితే దాని నడిమి భాగం చల్లబడడానికి చాలా సేపు పడుతుంది. అందుకే ఆహారాన్ని 5 సెంటీమీటర్ల లోతుకు మించకుండా వెడల్పాటి డబ్బాల్లోకి పంచాలి. పూర్తిగా చల్లారాకే ఫ్రిజ్‌లో పెట్టాలన్న పాత నమ్మకం వల్ల చాలామంది గిన్నెను రాత్రంతా బయట వదిలేస్తారు. చిన్న డబ్బాల్లో సర్దిన ఆహారం కాస్త గోరువెచ్చగా ఉండగానే లోపల పెట్టినా నేటి ఫ్రిజ్‌లు తట్టుకుంటాయి.

అన్నం విషయంలో మరింత జాగ్రత్త అవసరం. బియ్యంలో ఉండే బాసిల్లస్ సీరియస్ అనే బ్యాక్టీరియా బీజకణాలు ఉడికించినా చావవు. వండిన అన్నం గంటల తరబడి బయట ఉంటే అవి మొలకెత్తి విషపదార్థాన్ని తయారుచేస్తాయి, వాంతులు కలిగించే ఆ విషం తిరిగి వేడి చేసినంత మాత్రాన పోదు. బాగా మరిగిస్తే అన్నీ చచ్చిపోతాయిలే అన్న ధీమా ఇక్కడ పనిచేయదు. అన్నాన్ని వండిన గంటలోపే పలుచగా పరిచి చల్లార్చి ఫ్రిజ్‌కు చేర్చడం, మరునాటికల్లా వాడేయడం మంచిది. మిగతా వంటకాలు చాలావరకు 3 నుంచి 4 రోజులు నిలుస్తాయి. అంతకు మించి ఉంచదలిస్తే మొదటి రోజే ఫ్రీజర్‌లోకి పంపాలి. ఫ్రీజర్ సూక్ష్మజీవులను చంపదు, వాటి పెరుగుదలను ఆపుతుందంతే. కాబట్టి నాలుగో రోజు అనుమానంతో వాసన చూసి ఫ్రీజర్‌లో పెట్టడం వల్ల ఒరిగేదేమీ ఉండదు. అసలు వాసన నమ్మదగిన పరీక్ష కాదు, జబ్బు చేసే బ్యాక్టీరియాలో చాలా రకాలు రుచినీ వాసననూ మార్చవు.

వేడి చేసేటప్పుడు ఆ పూటకు కావలసినంతే బయటకు తీసి, లోపలి దాకా ఆవిర్లు వచ్చేలా, అంటే సుమారు 74 డిగ్రీలకు చేరేలా వేడి చేయాలి. మైక్రోవేవ్ ఒకచోట మరిగించి మరోచోట చల్లగా వదిలేస్తుంది కనుక మూత పెట్టి, మధ్యలో ఒకసారి కలిపి, తీశాక ఒకటి రెండు నిమిషాలు ఆగాలి. ఒకసారి వేడి చేసిన డబ్బాను మళ్లీ మళ్లీ ఫ్రిజ్‌కు తిప్పి పంపవద్దు. రుచి తగ్గడానికీ కారణాలున్నాయి: మాంసంలోని కొవ్వు గాలి తగిలి మారడం వల్ల మరునాడు ఒక పాత వాసన వస్తుంది, కాబట్టి దాన్ని రసంతో సహా మూత బిగించి ఉంచాలి. రొట్టె ఫ్రిజ్‌లో బయటకంటే త్వరగా గట్టిపడుతుంది, దాన్ని ఫ్రీజర్‌లో ఉంచడమే మేలు. కరకరలాడవలసినవి మైక్రోవేవ్‌లో మెత్తబడతాయి, వాటికి పెనమో ఓవెనో కావాలి. వేడి చేసిన పాత పదార్థం పక్కన తాజాది ఒకటైనా ఉండాలన్న నియమం పెట్టుకుంటే సగం సణుగుడు తగ్గుతుంది. అప్పుడే తరిగిన పచ్చి కూరగాయలు చాలు.

మిగిలిన సగం సణుగుడు రుచికి సంబంధించినది కాదు. చాలా ఇళ్లలో నిన్నటి వంట వండినవారి వంతు, తాజా వంట మిగతావారి వంతు. ఎవరూ అలా నిర్ణయించరు గానీ నెమ్మదిగా అది రివాజుగా స్థిరపడుతుంది. మిగిలినది తక్కువ రకం తిండి అన్న భావం పిల్లలకు అబ్బేది దీన్ని చూసే. కాబట్టి మిగిలిన వంట బల్ల మీదకు వస్తే అందరికీ రావాలి, కొద్దిగా ఉంటే అందరికీ కొద్దికొద్దిగా పంచాలి. పారేయడం ఇష్టం లేక ఆకలి తీరాక కూడా గిన్నె ఖాళీ చేసే అలవాటు, కంచం ఊడ్చేదాకా పిల్లలను లేవనివ్వకపోవడం పొదుపు కిందకు రావు. మొదటి వడ్డన చిన్నదిగా ఉంటే కంచంలో మిగలదు, గిన్నెలో మిగిలినది రేపటికి పనికివస్తుంది. గర్భిణులు, పసిపిల్లలు, వృద్ధులు, రోగనిరోధక శక్తి తగ్గినవారు ఉన్న ఇంట్లో మాత్రం 3, 4 రోజుల గడువును చివరిదాకా సాగదీయకపోవడమే క్షేమం, ఎందుకంటే లిస్టీరియా వంటి బ్యాక్టీరియా ఫ్రిజ్ చల్లదనంలో కూడా పెరుగుతుంది.

ఐక్యరాజ్యసమితి పర్యావరణ కార్యక్రమం 2024లో విడుదల చేసిన నివేదిక ప్రకారం 2022లో ప్రపంచవ్యాప్తంగా సుమారు 105 కోట్ల టన్నుల ఆహారం వృథా అయింది, అందులో దాదాపు 60 శాతం ఇళ్లలోనే. అంత పెద్ద అంకెతో ఇంట్లో వాళ్లను బెదిరించడం కన్నా, ప్రతి డబ్బా మీద పేరు, వండిన తేదీ రాసి ఫ్రిజ్‌లో కంటికి ఎదురుగా ఉండే ఒకే అరలో పెట్టడం ఎక్కువ పనిచేస్తుంది. శుక్రవారం రాత్రి ఆ అర ఖాళీ చేసేటప్పుడు పారేయక తప్పనిది ఏదైనా ఉంటే అదేమిటో వారపు కాగితం మీద రాయండి. ఒకే పదార్థం పేరు రెండు వారాలు వరుసగా కనిపిస్తే మూడో వారం దాన్ని పావు వంతు తగ్గించి వండండి, అప్పటికీ మిగిలితే ఆ పదార్థాన్ని రెట్టింపు వండే జాబితాలోంచి తీసేయండి.