ప్రొటెస్ట్ నెగ్గాం, లాయర్ ఫీజు మాత్రం రాలేదు: తేడా ఎక్కడ కొట్టింది?

ఓడినవాడు కోర్టులో ఏడిస్తే గెలిచినవాడు ఇంటికొచ్చి ఏడ్చాడని మనవాళ్ళు ఊరికే అనలేదు. అమెరికాలో ఫెడరల్ కాంట్రాక్ట్ వేరేవాళ్ళకి తప్పుగా ఇచ్చారని గవర్నమెంట్ అకౌంటబిలిటీ ఆఫీస్, అదే జీఏఓ దగ్గర ప్రొటెస్ట్, అంటే అధికారిక ఫిర్యాదు, వేసి నెగ్గిన చిన్న కంపెనీల పరిస్థితి చాలాసార్లు అదే. వర్జీనియాలో మనవాళ్ళు నడిపే అలాంటి ఒక ఐటీ కంపెనీలో నేను కాంట్రాక్టుల పని చూస్తాను. నేను చూసినంతవరకు డబ్బు పోయేది వాదన బలంగా లేక కాదు, తేదీలూ టైమ్‌షీట్లూ సరిగ్గా చూసుకోక.

ముందుగా ఒక సంగతి. నెగ్గినవాళ్ళకి లాయర్ ఫీజుతో సహా ప్రొటెస్ట్ ఖర్చులిచ్చేది జీఏఓ కాదు, అది సిఫార్సు మాత్రమే చేస్తుంది. ఇవ్వాల్సింది ఆ కాంట్రాక్ట్ ఇచ్చిన ఏజెన్సీ, అంటే ప్రభుత్వ శాఖ, తన నిధుల్లోంచి. అందుకే అక్కడివాళ్ళు మీ బిల్లులో ప్రతి గీతా చదువుతారు.

ఏజెన్సీ తప్పు దిద్దుకుంటానంది, కేసు మూసేశారు, ఖర్చుల ఊసే లేదు

ఎక్కువమంది పడే గోతి ఇదే. ఏజెన్సీ కరెక్టివ్ యాక్షన్, అంటే తప్పు దిద్దే చర్య, తీసుకుంటామని చెప్పగానే, ఇక తేల్చడానికేం లేదని జీఏఓ ప్రొటెస్ట్ కొట్టేస్తుంది. తీర్పు లేదు కాబట్టి ఖర్చుల సిఫార్సు దానంతట అది రాదు, మీరే అడగాలి. కరెక్టివ్ యాక్షన్ సంగతి మీకు తెలిసిన నాటి నుంచి 15 రోజులే గడువు. శని, ఆదివారాలు కూడా లెక్కలోకే వస్తాయి. ఆఫీసులో స్వీట్లు పంచుకునేలోపే సగం రోజులు అయిపోతాయి.

అడిగితే ఇస్తారా అంటే, రెండు విషయాలు చూస్తారు. మీ ఫిర్యాదులో స్పష్టంగా పస ఉందా? ఏజెన్సీ అనవసరంగా సాగదీసిందా? ప్రొటెస్ట్ గురించి తెలిశాక ఏజెన్సీ దానికి జవాబుగా తన రిపోర్ట్ ఇవ్వడానికి 30 రోజులుంటాయి. ఆ రిపోర్ట్ గడువులోపే దిద్దుకుంటే సాగదీసినట్టు కాదని జీఏఓ సాధారణంగా అంటుంది. అప్పుడు పైసా రాదు, దాన్ని ముందే ఒప్పుకుని బడ్జెట్ వేసుకోవడం మంచిది. రిపోర్ట్ ఇచ్చి, మీ లాయర్ దానికి జవాబు రాశాక దిగొస్తే మాత్రం మీకు అవకాశం ఉంది. ఈలోపు జీఏఓ లాయరే ఫోన్‌లో రెండు పక్షాలనీ కూర్చోబెట్టి ‘ఇది ప్రొటెస్ట్ వేసినవాళ్ళవైపే వెళ్ళేలా ఉంది’ అని చెప్పి ఉంటే ఇంకా మంచిది.

ఇక్కడ చేయగలిగింది ఒకటుంది. బలమైన పాయింట్ మొదటి ఫైలింగ్‌లోనే పెట్టండి. తర్వాత సప్లిమెంటల్, అంటే అదనపు ప్రొటెస్ట్‌లో పెడితే, ఆ పాయింట్ వరకు ఆలస్యం లెక్క అక్కణ్ణుంచే మొదలవుతుంది.

సిఫార్సు వచ్చింది, అయినా ఏజెన్సీ క్లెయిమ్ తిప్పి పంపింది

సిఫార్సు అందిన 60 రోజుల్లో మీ ఖర్చుల క్లెయిమ్ ఏజెన్సీకి చేరాలి, జీఏఓకి కాదు. ఎవరు ఎన్ని గంటలు, దేనికి పనిచేశారో వివరంగా రాసి, ఇది నిజమని సర్టిఫై చేయాలి. ‘ప్రస్తుతానికి మొత్తం ఇంత, వివరాలు తర్వాత’ అని ఒక పేజీ పంపి ఊరుకుంటే గడువు తప్పినట్టే, హక్కు పోయినట్టే. మా దగ్గర లాయర్ పంపుతాడని మేమూ, మేం పంపుతామని లాయరూ అనుకున్నాం. 52వ రోజున ఎవరో అడిగితే బయటపడింది. మిగిలిన వారం అందరికీ టెన్షనే. అప్పటినుంచి సిఫార్సు వచ్చిన రోజే ఒకరి పేరు రాసి క్యాలెండర్‌లో పెడుతున్నాం.

అడిగినదాంట్లో సగం కోసేశారు

మొదటి అనుమానం మీ ఉద్యోగుల రేటు మీద పడుతుంది. ఉదాహరణకి మీ ప్రపోజల్ మేనేజర్ జీతం ఏడాదికి 1,04,000 డాలర్లనుకుందాం. ఏడాది పనిగంటలు 2,080తో భాగిస్తే గంటకి 50. దానికి ఫ్రింజ్ (ఇన్సూరెన్స్, సెలవుల్లాంటి ఉద్యోగి సదుపాయాల ఖర్చు), సహేతుకమైన ఓవర్‌హెడ్ (ఆఫీసు నడిపే పరోక్ష ఖర్చు) కలపొచ్చు. కానీ చాలామంది కస్టమర్‌కి బిల్లు చేసే 145 డాలర్ల రేటు వేసేస్తారు. అందులో లాభం ఉంటుంది, లాభం ఇవ్వరు. పేరోల్ కాగితాలు జతచేసి అసలు రేటే వేయండి.

రెండోది కాకిలెక్కలు. ‘ప్రొటెస్ట్ పని, 9.5 గంటలు’ అని రాస్తే అది దేనికో ఎవరికి తెలుసు? ‘ఏజెన్సీ రిపోర్ట్‌లో ధరల మూల్యాంకనం చదివి లాయర్‌కి నోట్స్, 3.5 గంటలు’ అని ఏ రోజుకారోజు రాస్తే వేలు పెట్టడానికి చోటుండదు. నెలల తర్వాత జ్ఞాపకం మీద రాసినవి చూడగానే తెలిసిపోతాయి, అన్నీ గుండ్రటి అంకెలే ఉంటాయి.

మూడోది, నెగ్గని పాయింట్ల ఖర్చు. నెగ్గినదానితో ముడిపడి ఉంటే సాధారణంగా మొత్తం ఇస్తారు. పూర్తిగా విడిగా ఉన్న వాదనైతే ఆ వాటా తీసేస్తారు. పాయింట్లవారీగా బిల్లు ఇవ్వమని లాయర్‌కి మొదట్లోనే చెప్పండి.

నాలుగోది కంపెనీ సైజు. చిన్న కంపెనీ కాకపోతే లాయర్ ఫీజుకి గంటకి 150 డాలర్ల పరిమితి ఉంది. 700 డాలర్ల లాయర్ 120 గంటలు పనిచేస్తే బిల్లు 84,000, చేతికొచ్చేది 18,000. ధరల పెరుగుదల చూపించి ఆ 150ని పెంచమని అడగొచ్చు, అడక్కపోతే ఎవరూ పెంచరు. స్మాల్ బిజినెస్ అయితే ఈ పరిమితి వర్తించదు, ఫీజు సహేతుకంగా ఉంటే చాలు. ఆ హోదా రుజువు క్లెయిమ్‌తోపాటే పెట్టండి.

ఏజెన్సీ ఎటూ తేల్చడంలేదు

సహేతుకమైన సమయంలో లెక్క కుదరకపోతే, ఎంతివ్వాలో చెప్పమని మళ్ళీ జీఏఓనే అడగొచ్చు. ఈ రెండో విడత ఖర్చు కూడా ఇప్పించమని అదే కాగితంలో రాయండి.

ప్రపోజల్ రాసిన ఖర్చు రాలేదు

అది వేరే పద్దు. మళ్ళీ పోటీలో నిలబడే అవకాశం మీకు దొరికితే ఇవ్వరు. పని చాలా దూరం వెళ్ళిపోయి మీకు ఇంకే పరిహారమూ మిగలనప్పుడే ఇస్తారు.

జీఏఓకి కాదు, కోర్ట్ ఆఫ్ ఫెడరల్ క్లెయిమ్స్‌కి వెళ్ళాం

ఇలాంటి ప్రొటెస్టులు వినే ఫెడరల్ కోర్టు అది, అక్కడ ఆట వేరు. ఈక్వల్ యాక్సెస్ టు జస్టిస్ చట్టం కింద తుది తీర్పు వచ్చిన 30 రోజుల్లో అడగాలి. దావా వేసిన నాటికి కంపెనీ నికర విలువ 70 లక్షల డాలర్లు, ఉద్యోగులు 500 దాటకూడదు. లాయర్ రేటు గంటకి 125 డాలర్లు, ధరల సర్దుబాటు అదనం. ప్రభుత్వ వైఖరికి తగిన ఆధారం ఉందని తేలితే మీరు నెగ్గినా ఏమీ రాదు.

రాని డబ్బుని ఓవర్‌హెడ్‌లో కలిపేద్దామా?

ఈ ప్రశ్న ప్రతి మీటింగ్‌లోనూ ఎవరో ఒకరు గొంతు తగ్గించి అడుగుతారు. వద్దు. ఫెడరల్ కొనుగోలు నిబంధనల 31వ భాగం ప్రకారం ప్రొటెస్ట్ ఖర్చులు అనుమతించని ఖర్చులు. వాటిని పరోక్ష ఖర్చుల రేట్లలో దూరిస్తే ఆడిట్‌లో పట్టుకుంటారు, జరిమానా కూడా పడొచ్చు. లాయర్‌కి మొదటి ఫోన్ చేసిన రోజే అకౌంటెంట్ చేత ప్రొటెస్ట్‌కి విడిగా ఒక చార్జ్ కోడ్ (గంటలూ ఖర్చులూ నమోదు చేసే పద్దు నంబరు) తెరిపించండి. ఆ కోడ్ కింద పడిన గంటలే రేపు క్లెయిమ్‌కి అనుబంధం అవుతాయి.